మెదడులోని గాబాను ఎం.ఆర్. స్పెక్ట్రోస్కోపీ ఎడిటింగ్‌తో కొలవడం ఎలా

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కళాశాలలో ఇంగ్లీషు చదువుకుని ఇప్పుడు బరంపురంలోనో, పర్లాకిమిడిలోనో, రాయగడలోనో ఎం.ఆర్.ఐ. గదిలో పనిచేస్తున్న టెక్నాలజిస్టులూ, రేడియాలజీ పీజీ విద్యార్థులూ నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. మెదడులోని రసాయనాల సంకేతాలను గీతగా చూపే మామూలు స్పెక్ట్రంలో ఎన్.ఎ.ఎ. (ఎన్-అసిటైల్ ఆస్పార్టేట్), క్రియాటిన్, కోలిన్ పీక్‌లు చక్కగా కనిపిస్తున్నప్పుడు, నాడీకణాల చురుకును అణచుతూ మెదడులో ఇంత ముఖ్యమైన పని చేసే గాబా ఎందుకు కనిపించదు, దాన్ని చూడాలంటే యంత్రం మీద ఏం చేయాలి? ఈ వ్యాసం ఆ రెండో ప్రశ్నకు వరుసగా జవాబు చెబుతుంది. మొదటి ప్రశ్నకు జవాబు తెలియకపోతే రెండోది బోధపడదు కనుక ముందు దానితోనే మొదలుపెడుతున్నాను.

గాబా మెదడు కణజాలంలో ఉండేదే తక్కువ, లీటరుకు సుమారు 1 నుంచి 2 మిల్లీమోల్‌లు మాత్రమే. ఆ కొద్దిపాటి సంకేతం కూడా ఒకచోట రాదు. 3.01, 2.28, 1.89 పి.పి.ఎం. (స్పెక్ట్రంలో పీక్ స్థానాన్ని చెప్పే కొలమానం) దగ్గర మూడు గుంపులుగా చీలి వస్తుంది. 3.01 దగ్గరి గుంపు మీద 3.03 దగ్గరి క్రియాటిన్ పీక్ పూర్తిగా కప్పుకుని ఉంటుంది. 2.28 మీద గ్లుటమేట్, గ్లుటమిన్‌ల సంకేతాలు పరుచుకుంటాయి. 1.89 పక్కనే 2.01 దగ్గర ఎన్.ఎ.ఎ. నిటారుగా నిలబడుతుంది. కాబట్టి గాబా లేక కాదు, దాక్కునే చోటు దొరికి కనిపించదు.

మన వైపు ధాన్యం కొనేవారు బస్తాను కాటా మీద పెట్టి, గోనె తరుగు తీసేసి లెక్క కడతారు. ఎడిటింగ్ కూడా అలాంటి తీసివేతే. కాకపోతే ఇక్కడ గోనె బరువే ధాన్యం బరువు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. రెండు తూకాల మధ్య కాటా కాస్త కదిలినా చివరికి మిగిలేది ధాన్యం కాదు, కాటా దోషం. కింద చెప్పబోయే ప్రతి జాగ్రత్తా ఆ రెండు తూకాల మధ్య మనం కావాలని మార్చినది తప్ప మరేదీ మారకుండా చూసుకోవడానికే.

మనం కావాలని మార్చేది ఏమిటో చూద్దాం. గాబా అణువులో 3.01 దగ్గర పలికే ప్రోటాన్లు 1.89 దగ్గర పలికే ప్రోటాన్లతో జె-కప్లింగ్ ద్వారా ముడిపడి ఉంటాయి. ఆ ముడి బలం సుమారు 7.3 హెర్ట్జ్‌లు. ఎకో టైమ్‌ను, అంటే మొదటి పల్స్ నుంచి సంకేతం అందేదాకా పట్టే సమయాన్ని, 68 మిల్లీసెకన్లుగా పెడితే, ఆ సమయానికి 3.01 దగ్గరి త్రిశూలంలో రెండు అంచు గీతలూ తలకిందులవుతాయి. అదే సమయంలో 1.9 దగ్గర సన్నని ఎడిటింగ్ పల్స్‌లు (ఇరుకైన ఫ్రీక్వెన్సీ పట్టీకే తగిలే రేడియో తరంగ పల్స్‌లు) రెండు వేస్తే ఆ ముడి ప్రభావం వెనక్కి తిరిగి, గీతలన్నీ నిటారుగా వస్తాయి. పల్స్ 1.9 దగ్గర పడిన కొలతను ఆన్ అనీ, వేరే చోట పడిన కొలతను ఆఫ్ అనీ అంటాం. క్రియాటిన్‌కు 1.9తో ఏ ముడీ లేదు కనుక అది రెండింటిలోనూ ఒకేలా ఉండి తీసివేతలో పోతుంది. గాబా అంచు గీతలు మాత్రం మిగులుతాయి. ఈ పద్ధతి పేరు మెగా-ప్రెస్. 1998లో మినసోటాలో మెష్చర్, గార్వుడ్ బృందం దీన్ని ప్రచురించింది. అంతకుముందే, 1993లో, యేల్‌లో డగ్లస్ రాత్‌మన్ బృందం మనిషి మెదడులో గాబాను ఎడిటింగ్ ద్వారా కొలిచి చూపింది.

యంత్రం, ఫాంటమ్

మీ దగ్గర ఉన్నది 1.5 టెస్లా యంత్రమైతే గాబా ఎడిటింగ్‌కు దిగవద్దని నా సలహా. 1 పి.పి.ఎం. అంటే 3 టెస్లాలో సుమారు 128 హెర్ట్జ్‌లు, 1.5 టెస్లాలో 64 మాత్రమే. పీక్‌ల మధ్య ఎడం సగానికి తగ్గితే ఎడిటింగ్ పల్స్‌ను రెట్టింపు పొడవు చేయాలి, సంకేతమూ తగ్గిపోతుంది. రాత్‌మన్ బృందం 2.1 టెస్లాలోనే చేసింది కదా అని వాదించవచ్చు గాని, వారిది పరిశోధనశాల, మీది బయట వరండాలో రోగులు బారులు తీరిన గది. 3 టెస్లా ఉన్నా మెగా-ప్రెస్ సీక్వెన్స్ యంత్రంతో పాటు రాకపోవచ్చు. చాలా చోట్ల తయారీ సంస్థతో పరిశోధన ఒప్పందం ద్వారా తెప్పించుకోవాలి. కనుక ముందు మీ అప్లికేషన్ నిపుణుడిని అడిగి తేల్చుకోండి.

సీక్వెన్స్ చేతికి రాగానే మనిషిని పడుకోబెట్టకండి, ముందు ఫాంటమ్ మీద, అంటే తెలిసిన ద్రావణం నింపిన సీసా మీద, చూడండి. లీటరు నీటిలో 10 మిల్లీమోల్‌ల గాబా కావాలంటే 1.03 గ్రాముల పొడి సరిపోతుంది. 8 మిల్లీమోల్‌ల క్రియాటిన్‌కు మోనోహైడ్రేట్ రూపంలో 1.19 గ్రాములు కలపండి. ఫాస్ఫేట్ బఫర్‌తో పి.హెచ్.ను 7.2 దగ్గర నిలపండి. చెడిపోకుండా సోడియం అజైడ్ కలిపేవారున్నారు. అది విషం కనుక ఆ పనిని బయోకెమిస్ట్రీ విభాగంలో అలవాటున్నవారికే అప్పగించండి, సీసా మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంచండి.

ఇక్కడ కొత్తవారు దాదాపు అందరూ తడబడే విషయం ఒకటుంది. నీటి పీక్ స్థానం ఉష్ణోగ్రతతో మారుతుంది, ఒక్కో డిగ్రీకి సుమారు 0.01 పి.పి.ఎం. చొప్పున. శరీరంలో 37 డిగ్రీల దగ్గర 4.68 దగ్గర ఉండే నీరు, 20 డిగ్రీల గదిలో ఉన్న ఫాంటమ్‌లో సుమారు 4.85 దగ్గర ఉంటుంది. యంత్రం మాత్రం నీటిని 4.68 గానే భావించి ఎడిటింగ్ పల్స్‌ను లెక్క వేస్తుంది. ఫలితంగా మీరు 1.9 అని టైపు చేసినా పల్స్ 2.07 దగ్గర పడుతుంది, గాబా సంకేతం తగ్గుతుంది, మీరు సీక్వెన్స్‌ను తిట్టుకుంటారు. ఫాంటమ్‌కు ఆ తేడాను సర్దుకుని ఎడిటింగ్ ఫ్రీక్వెన్సీ ఇవ్వండి. మనిషికి మారినప్పుడు తిరిగి 1.9కి తేవడం మరచిపోకండి.

రోగిని సిద్ధం చేయడం

స్కాన్ పూర్తిగా ఎంతసేపు పడుతుందో, అందులో గాబా భాగం ఎంతసేపో ముందే చెప్పండి. తెలుగులోనూ ఒడియాలోనూ చెప్పడం మన దగ్గర మామూలే. గుణుపురం, పర్లాకిమిడి కొండల నుంచి వచ్చే సవర పెద్దలకు తోడు వచ్చినవారి చేత చెప్పించండి. ముక్కుపుడక, మెట్టెలు, మొలతాడుకు కట్టిన తాయెత్తు తీయించే పని తొందరలో చేసేది కాదు, దానికి వేరే సమయం కేటాయించండి. గుట్కా, ఖైనీ నోట్లో ఉన్నవారిని బాగా పుక్కిలించి రమ్మనండి. ఉమ్మి మింగలేక, ఉమ్మలేక పది నిమిషాలు తల కదుపుతూనే ఉంటారు. నేను చెప్పే మాట ఇది: "అమ్మా, లోపల టకటక చప్పుడు వస్తుంది, భయపడకండి. ఊపిరి మామూలుగా తీసుకోండి, ఉమ్మి మింగవచ్చు, తల మాత్రం అటూ ఇటూ తిప్పకండి. ఏ ఇబ్బంది అనిపించినా చేతిలోని బుడగ నొక్కండి." ఊపిరి బిగబట్టమని మాత్రం ఎవరికీ చెప్పకండి.

వాడుతున్న మందులన్నీ రాసుకోండి. మూర్ఛకు ఇచ్చే విగాబట్రిన్ గాబాను విచ్ఛిన్నం చేసే ఎంజైమును అడ్డుకుని మెదడులో దాని మోతాదును పెంచుతుంది. ఈ సంగతి తెలియకుండా వచ్చిన అంకెను చూసి రోగమే కారణమనుకునే ప్రమాదం ఉంది.

స్కాన్‌ల వరుస

ఈ భాగాన్ని నేను ఒక పొరపాటు చేసి నేర్చుకున్నాను. ఒకచోట పనిచేస్తున్నప్పుడు, రోగి వచ్చారు కదా అని ముందు ఫంక్షనల్ స్కాన్, తరువాత డిఫ్యూజన్ స్కాన్ చేసి, చివర మిగిలిన సమయంలో మెగా-ప్రెస్ పెట్టాను. ఆ రెండు స్కాన్‌లలోనూ గ్రేడియంట్ కాయిల్‌లు విపరీతంగా వేడెక్కుతాయి. ఆ తరువాత అవి చల్లారుతూ ఉంటే అయస్కాంత క్షేత్రం నెమ్మదిగా జారుతుంది. నేను కుర్చీలో కూర్చుని చూస్తుండగానే నీటి ఫ్రీక్వెన్సీ పది హెర్ట్జ్‌లకు పైగా జరిగిపోయింది. 1.9 దగ్గర పడాల్సిన పల్స్ అంతకంతకూ పక్కకు పోయింది. చివరికి వచ్చిన స్పెక్ట్రంలో గాబా ఎంతో, జారుడు ఎంతో విడదీసి చెప్పలేకపోయాను. ఆ రోగిని మళ్లీ పిలిపించాల్సి వచ్చింది, ఆయన కవిటి నుంచి రెండు బస్సులు మారి వచ్చారు.

కనుక మీరు ముందు స్థానం చూసుకునే స్కాన్‌లు, ఒక మిల్లీమీటరు ఘనాలతో టి1 చిత్రం, వెంటనే మెగా-ప్రెస్ చేయండి. ఫంక్షనల్, డిఫ్యూజన్ స్కాన్‌లను తరువాతకు వదిలేయండి. మీకంటే ముందు రోగికి అలాంటి స్కాన్ జరిగి ఉంటే కొంత విరామం ఇవ్వండి.

వాక్సెల్, షిమ్మింగ్

గాబా సంకేతం చిన్నది కనుక వాక్సెల్, అంటే మెదడులో సంకేతం తీసుకునే పెట్టె, పెద్దదిగా ఉండాలి. 3 సెంటీమీటర్ల ఘనం, అంటే 27 మిల్లీలీటర్లు, అందరూ వాడే పరిమాణం. నేర్చుకునేవారు తల వెనుక భాగంలో, రెండు ఆక్సిపిటల్ లోబ్‌ల మధ్య, నడిమి గీత మీద పెట్టండి. అక్కడ క్షేత్రం సాఫీగా ఉంటుంది. నుదుటి కింది భాగంలో సైనస్ గాలి వల్లా, టెంపొరల్ లోబ్ లోపలి భాగంలో చెవి ఎముకల గాలి వల్లా క్షేత్రం వంకర పోతుంది. వాటిని చేయి తిరిగాక చూసుకోవచ్చు. వాక్సెల్ ముఖాలను మెదడు ఉపరితలానికి సమాంతరంగా తిప్పుకుని, పుర్రె ఎముక నుంచి ఎడంగా ఉంచండి. ఏ మూల అయినా పుర్రె కొవ్వును తాకితే 0.9 నుంచి 1.3 దాకా కొవ్వు పీక్‌లు వచ్చి అంతా పాడుచేస్తాయి. తెరమీద కనిపించే పెట్టె నీటికి సంబంధించినదనీ, వేర్వేరు పదార్థాలకు అసలు పెట్టె కొద్దికొద్దిగా పక్కకు జరుగుతుందనీ గుర్తుంచుకుంటే ఆ ఎడం ఎందుకు కావాలో అర్థమవుతుంది.

ఆ తరువాత షిమ్మింగ్, అంటే వాక్సెల్‌లో అయస్కాంత క్షేత్రాన్ని సమం చేయడం. యంత్రం స్వయంగా చేసిన షిమ్మింగ్‌ను ఒకసారి నమ్మి, అంకెను మాత్రం మీరే చూడండి. ఆక్సిపిటల్ వాక్సెల్‌లో నీటి పీక్ వెడల్పు సగం ఎత్తు దగ్గర 10 హెర్ట్జ్‌ల చుట్టుపక్కల ఉంటే సంతోషం. 15 దాటితే నేను వాక్సెల్‌ను కాస్త జరిపి మళ్లీ షిమ్ చేస్తాను. ఇక్కడ రెండు నిమిషాలు ఖర్చు పెట్టడానికి వెనుకాడేవారు తరువాత పదకొండు నిమిషాలు వృథా చేస్తారు.

అంకెలు పెట్టడం

ఎకో టైమ్ 68 మిల్లీసెకన్లు, రిపిటిషన్ టైమ్ (ఒక కొలతకూ తరువాతి కొలతకూ మధ్య ఎడం) 2 సెకన్లు, మొత్తం కొలతలు 320, అందులో ఆన్ 160, ఆఫ్ 160. దీనికి 10 నిమిషాల 40 సెకన్లు పడుతుంది. ఆన్ పల్స్ 1.9 దగ్గర, ఆఫ్ పల్స్ 7.46 దగ్గర పెట్టండి. ఆ 7.46 ఎక్కడి నుంచి వచ్చిందంటే, 4.68 దగ్గరి నీటికి ఒకవైపు 1.9 ఎంత దూరమో, రెండో వైపు 7.46 అంతే దూరం. దాంతో పల్స్ నీటి మీద చూపే ప్రభావం రెండింటిలోనూ సమానమవుతుంది. ఎడిటింగ్ పల్స్ పొడవు 14 మిల్లీసెకన్ల చుట్టుపక్కల ఉండటం మామూలు.

అన్నిటికంటే ముఖ్యమైన ఎంపిక ఒకటి. ఆన్, ఆఫ్ కొలతలు ఒకదాని తరువాత ఒకటి మారి మారి రావాలి. ఆన్ అన్నీ ముందు, ఆఫ్ అన్నీ తరువాత తీసే అమరిక ఉంటే దాన్ని ముట్టుకోకండి. ఐదు నిమిషాల తేడాతో రెండు తూకాలు వేసినట్టవుతుంది. ప్రతి కొలతనూ విడివిడిగా దాచే ఎంపికను ఆన్ చేయండి. యంత్రమే సగటు తీసి ఒక్క గీత ఇస్తే, మధ్యలో రోగి దగ్గినప్పటి కొలతలను తీసేసే అవకాశం మీకు మిగలదు. చివరగా అదే వాక్సెల్‌లో, అదే షిమ్‌తో, నీటిని అణచకుండా 8 నుంచి 16 కొలతలు తీసుకోండి. తరువాత గాబాను దేనితో పోల్చి లెక్క కట్టాలో ఆ నీరే చెబుతుంది.

తీసివేత గీతను చదవడం

స్కాన్ ముగియగానే రోగిని బయటకు తీయకముందే తేడా స్పెక్ట్రంను తెరమీద చూడండి. సరిగా వచ్చినప్పుడు 3.0 దగ్గర గాబా పైకి లేచి ఉంటుంది, చాలాసార్లు రెండు తలలుగా. 3.75 దగ్గర గ్లుటమేట్, గ్లుటమిన్‌లు కలిసి మరో జంట పీక్‌గా వస్తాయి. 2.01 దగ్గర ఎన్.ఎ.ఎ. లోతుగా కిందికి దిగి ఉంటుంది. ఈ కిందికి దిగిన ఎన్.ఎ.ఎ.ని చూసి భయపడేవారున్నారు, నిజానికి అదే మంచి శకునం. 1.9 దగ్గరి పల్స్ దాని పక్కనున్న ఎన్.ఎ.ఎ.ని ఆన్ కొలతల్లో తుడిచేస్తుంది కనుక తీసివేతలో అది రుణాత్మకమవుతుంది. అది కనిపించలేదంటే పల్స్ అసలు పడాల్సిన చోట పడలేదన్నమాట.

చూడాల్సిన రెండో చోటు 3.2, కోలిన్ ఉండే చోటు. కోలిన్‌కు 1.9తో ముడి లేదు, అక్కడ తేడా గీత చదునుగా ఉండాలి. పైకి ఒకటి, కిందికి ఒకటి పక్కపక్కన కనిపిస్తే ఆన్, ఆఫ్‌ల మధ్య ఫ్రీక్వెన్సీ జరిగిందని అర్థం. అలా కోలిన్ మిగిలిందంటే దాని పక్కనే ఉన్న క్రియాటిన్ కూడా మిగిలి, మీ గాబా పీక్‌లో కలిసిపోయి ఉంటుంది. ఇందులో కొంత భాగాన్ని సాఫ్ట్‌వేర్‌లో సరిచేయవచ్చు. 1.3 చుట్టూ పెద్ద అలలు వస్తే కొవ్వు వచ్చిందని, 4.7 దగ్గర అడవిలా ఉంటే నీటి అణచివేత విఫలమైందని లెక్క. ఈ రెండూ గాబా దాకా పాకితే వాక్సెల్‌ను మార్చి మళ్లీ తీయండి.

మరో నిజం ఒప్పుకోవాలి. 3.0 దగ్గర మీరు చూసేది గాబా ఒక్కటే కాదు. 1.9 పల్స్ అంచు 1.7ను కూడా తాకుతుంది, 1.7తో ముడిపడిన మాక్రోమాలిక్యూల్‌ల (ప్రోటీన్లలాంటి పెద్ద అణువుల) సంకేతం 3.0 దగ్గరే వస్తుంది. ఆ పీక్‌లో దాదాపు సగం వాటిదే కావచ్చు. అందుకే దాన్ని నివేదికలో గాబా ప్లస్ అని రాస్తారు, మీరూ అలాగే రాయండి. ఆఫ్ పల్స్‌ను 7.46కు బదులు 1.5 దగ్గర పెడితే 1.7కు రెండు వైపులా సమదూరంలో ఉండి మాక్రోమాలిక్యూల్‌లు తీసివేతలో పోతాయి. దీనికి ఎడిటింగ్ పల్స్ మరింత సన్నగా, 20 మిల్లీసెకన్ల పొడవుతో, ఎకో టైమ్ 80 మిల్లీసెకన్లుగా ఉండాలి. వినడానికి బాగానే ఉంటుంది గాని, కొద్దిపాటి ఫ్రీక్వెన్సీ జారుడుకే ఆ సమతూకం చెడుతుంది. విద్యుత్తు, శీతలీకరణ నిలకడగా ఉండని చోట నేను గాబా ప్లస్‌నే ఇష్టపడతాను.

లెక్క కట్టడం

గానెట్, ఆస్ప్రే అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లు రెండూ మాట్‌ల్యాబ్‌లో నడుస్తాయి. గానెట్‌లో దస్త్రాన్ని ఎక్కించగానే ఫ్రీక్వెన్సీ కొలత కొలతకూ ఎలా జరిగిందో, సరిదిద్దక ముందు, తరువాత గీత ఎలా ఉందో చూపుతుంది. ఆ చిత్రాన్ని దాటవేయకుండా చూడండి. తరువాత గాబా పీక్‌కు గీత అమర్చడం, వాక్సెల్‌ను టి1 చిత్రం మీద నిలపడం, అందులో బూడిద, తెల్ల పదార్థాలు, మెదడు ద్రవం ఎంతెంత ఉన్నాయో విడదీయడం, చివరకు నీటితో పోల్చి అంకె ఇవ్వడం వరుసగా జరుగుతాయి. కణజాల విభజనను వదిలేయకండి. మెదడు ద్రవంలో గాబా దాదాపు ఉండదు, బూడిద పదార్థంలో తెల్ల పదార్థం కంటే సుమారు రెట్టింపు ఉంటుంది. వయసు మీరి మెదడు కుంచించుకుపోయిన మనిషికీ, యువకుడికీ మధ్య తేడా గాబాది కాకుండా వాక్సెల్‌లోని ద్రవానిది కావచ్చు. పీక్‌కు గీత అమర్చడంలో దోషం 12 శాతం దాటిన కొలతను నేను పక్కన పెడతాను. ఇది నా అలవాటు, మీ బృందం ముందే ఒక గీత గీసుకుని అందరికీ ఒకేలా పాటించండి.

మరికొన్ని పదార్థాలకు

ఇదే కిటుకు మరికొన్నింటికీ పనికొస్తుంది. గ్లుటాథయోన్‌కు ఆన్ పల్స్ 4.56 దగ్గర పెట్టి 2.95 దగ్గర చూస్తారు, ఎకో టైమ్‌ను 120 మిల్లీసెకన్ల దాకా పెంచుతారు. 2.6 చుట్టూ ఎన్.ఎ.ఎ. వల్ల వచ్చే అలజడిని గ్లుటాథయోన్ అనుకోకండి. మన దేశంలో మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రంలో అల్జీమర్స్ రోగుల మీద ఈ కొలత విస్తృతంగా చేశారు. హెర్మిస్ అనే పద్ధతి నాలుగు అంచెల కొలతతో గాబా, గ్లుటాథయోన్‌లను ఒకే స్కాన్‌లో ఇస్తుంది. ఐ.డి.హెచ్. జన్యువులో మార్పు ఉన్న గ్లయోమాలనే మెదడు ట్యూమర్లలో పేరుకునే 2-హైడ్రాక్సీగ్లూటరేట్‌ను 1.9 దగ్గర పల్స్ వేసి 4.02 దగ్గర వెతుకుతారు.

అయితే మన జిల్లాల్లో మూర్ఛతో వచ్చిన రోగి మెదడులో ఉంగరంలాంటి గడ్డ కనిపించి, అది టి.బి.దా, పురుగు తిత్తా, ట్యూమరా అని వైద్యుడు అడిగినప్పుడు ఎడిటింగ్ జోలికి పోనక్కరలేదు. ఎడిటింగ్ పల్స్‌లు లేని మామూలు ప్రెస్ సీక్వెన్స్‌నే తక్కువ ఎకో టైమ్‌తో ఒకసారి, 144 మిల్లీసెకన్లతో ఒకసారి తీయండి. 1.3 దగ్గర కొవ్వు, లాక్టేట్ రెండూ ఒకచోటే వస్తాయి. లాక్టేట్‌లోని జె-కప్లింగ్ సుమారు 7 హెర్ట్జ్‌లు కనుక 144 దగ్గర అది తలకిందులవుతుంది, కొవ్వు మాత్రం కాదు. టి.బి. గడ్డలో కొవ్వు పీక్ ప్రధానంగా ఉంటుంది. 1.5 టెస్లా యంత్రం మీద కూడా ఇది చక్కగా పని చేస్తుంది.

స్కాన్ అయ్యాక ముడి దస్త్రాన్ని అదే రోజు యంత్రం నుంచి తీసి దాచండి. చాలా యంత్రాలు చిత్రాలను దాచినట్టు స్పెక్ట్రోస్కోపీ ముడి దస్త్రాన్ని దాచవు, నిల్వ నిండితే తుడిచేస్తాయి. దస్త్రం పక్కనే ఆ రోజు వాడిన ఎకో టైమ్, ఆన్, ఆఫ్ ఫ్రీక్వెన్సీలు, పల్స్ పొడవు, వాక్సెల్ కొలతలు, షిమ్ వెడల్పు, ముందు ఏ స్కాన్ జరిగిందీ, రోగి వాడే మందులూ ఒక కాగితం మీద రాసి ఉంచండి. ఆరు నెలల తరువాత అదే రోగి తిరిగి వచ్చినప్పుడు అదే వాక్సెల్‌ను అదే కోణంలో పెట్టడానికి, తెరమీద వాక్సెల్ గీసిన మూడు చిత్రాలను కూడా ఆ కాగితానికి జత చేయండి.